మా జట్టు ఊరు విడిచిన వేసవి

మొన్న మే నెలలో ఒక సాయంత్రం, ఇక్కడ శాంటా క్లారాలో నా అపార్ట్‌మెంట్ వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతుండగా, దేశానికి అటు చివరున్న హెర్న్‌డన్ నుంచి మా మనవరాలు వీడియో కాల్ చేసింది. నా కూతురి కూతురు. హైస్కూలు జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుతుంది, నాకంటే జానెడు పొడుగు, తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ మాట్లాడబోతే క్రియలు తప్పి, సగంలో ఇంగ్లీషులోకి జారిపోతుంది. ముఖం కనపడీ కనపడకముందే, "అమ్మమ్మా, నువ్వు చూసింది? టోటల్లీ రిగ్డ్ ఇది! మా టీమ్‌కి మళ్ళీ ఫస్ట్ పిక్ రాలేదు," అని అరిచింది. ఆ కేకకి నేను ఉలిక్కిపడేలోపు ఆవాలు మాడి ఇల్లంతా పొగ. కిటికీ తెరిచి వచ్చి కూర్చుని, ఏమైందే అని అడిగితే, కొత్త ఆటగాళ్ళని ఏ జట్టు ముందు ఎంచుకోవాలో తేల్చడానికి అప్పుడే టీవీలో తీసిన లాటరీ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. గాజు పెట్టెలో ఎగిరే తెల్ల బంతులు, వాటిమీద అంకెలు, ఏ జట్టుకి ఎంత అవకాశముందో ముందే వేసిపెట్టిన లెక్కలు. అంతా చెప్పి, అమ్మమ్మకి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయిలే అన్నట్టు జాలిగా చూసింది.

నాకు తెలుసు. నా వయసు తెలుగు ఆడవాళ్ళలో, ఈ లాటరీ మొట్టమొదటిసారి తీసిన రోజున టీవీ ముందు కూర్చుని చేతులు నలుపుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారో లేదో గానీ, నేనొకదాన్ని ఉన్నాను. అప్పుడు బంతుల్లేవు, కవర్లు. ఆ కవర్లలో ఒకదానిమీద నా బతుకు కొంతా, ఇంకొక పెద్దాయన బతుకు పూర్తిగా ఆధారపడి ఉన్నాయని ఆ పిల్లకి ఫోన్‌లో ఎలా చెప్పను? అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను, నాతోపాటు ఆ రోజుల్లో ఈ దేశం వచ్చి మంచులో కాళ్ళు జారినవాళ్ళు ఎవరైనా చదువుతారని.

డెబ్బైల చివర నేను నర్సుగా వచ్చాను. మాది నరసాపురం దగ్గర. మిషన్ ఆసుపత్రిలో చదువుకుని, అక్కడే కొన్నేళ్ళు పనిచేసి, అమెరికాలో నర్సులు చాలడం లేదంటే దరఖాస్తు పెట్టుకున్నాను. న్యూయార్కో షికాగోనో అనుకుని బయల్దేరినదాన్ని తీసుకొచ్చి దేశం నడిబొడ్డున, పెద్ద నది ఒడ్డున, రైళ్ళకీ పశువుల సంతకీ పేరుపడ్డ ఒక ఊళ్ళో దింపారు. ఆ కాలంలో వచ్చినవాళ్ళకి నేను వేరే చెప్పనక్కర్లేదు. కందిపప్పు కావాలంటే ఎవరో ఒకరు షికాగో వెళ్ళి రావాలి. పాలకూరలో నిమ్మకాయ పిండుకుని గోంగూర అని మనల్ని మనం నమ్మించుకోవాలి. ఇంటికి ఫోనంటే బుక్ చేసుకుని రోజంతా కాచుకుని, తీరా కలిశాక బాగున్నావా బాగున్నాను అని అరుచుకునేసరికి టైమైపోవాలి. పగలంతా వార్డులో మనుషుల మధ్యే ఉండేదాన్ని, గొంతు అరిగేలా ఇంగ్లీషు మాట్లాడేదాన్ని. సాయంత్రం గదికొచ్చి తలుపేసుకుంటే నోరు తెరవడానికి మనిషి లేదు. కుక్కర్ కూతవేస్తే "వస్తున్నానే, ఆగు" అని దానికి జవాబు చెప్పేదాన్ని. నవ్వితే నవ్వండి. ఒంటరిగా ఉన్నవాళ్ళు మాత్రం నవ్వరు.

నేనుండేది ఒక పాత చెక్క ఇంటి పై అంతస్తులో. కింద ఇంటి ఓనరు, రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఒక్కరే ఉండేవారు. నేను చేరడానికి ముందటేడు ఆయన భార్య పోయిందట. పిల్లల్లేరు. నేను ఆయన్ని అలవాటు కొద్దీ 'సర్' అనేదాన్ని, తానేమీ కల్నల్ కాదనీ అలా పిలవొద్దనీ ఆయన విసుక్కునేవారు. నన్ను 'కిడ్డో' అనేవారు. అది అక్కడి పెద్దవాళ్ళు పిల్లల్ని ముద్దుగా పిలిచే మాట. ముప్పై దాటిన నన్ను అలా పిలిచిన మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు.

ఒక నవంబరు సాయంత్రం నా గదిలో హీటర్ ఆగిపోతే బాగుచేయడానికి పైకొచ్చారు. కోటు వేసుకుని, కాళ్ళు మడుచుకుని, టీవీ కూడా పెట్టకుండా మంచం మీద కూర్చున్న నన్ను చూసి ఏమనుకున్నారో ఏమో, హీటర్ సంగతి వదిలేసి, ఊళ్ళో స్టేడియంలో తనకి పక్కపక్కన రెండు సీట్లున్నాయనీ, భార్య పోయినప్పటినుంచీ ఒకటి ఖాళీగా ఉంటోందనీ, ఈ సాయంత్రం ఆట ఉందనీ, ఇంకేం లేకపోయినా అక్కడ వెచ్చగానైనా ఉంటుందనీ నేలవైపు చూస్తూ చెప్పారు. బాస్కెట్‌బాల్ గురించి నాకేమీ తెలీదు. నేనాడిన ఆటల్లా నర్సింగ్ స్కూల్లో కొంగు బిగించి ఆడిన త్రోబాల్. పైగా పరాయి మగవాడితో, అందులోనూ తెల్లాయనతో ఆటకి వెళ్ళడమేమిటని మనసు పీకింది. కానీ ఆ చలిగదిలో ఇంకొక సాయంత్రం తలుచుకుంటే భయమేసింది. చీరమీద కోటుతోనే బయల్దేరాను.

మా సీట్లు ఎక్కడో పైన, కప్పుకి దగ్గరగా. నా సీటులో వేయడానికి ఆయన కారులోంచి నీలంరంగు కుషన్ ఒకటి పట్టుకొచ్చారు. భార్య ఊలుతో అల్లినదట. ఆవిడ ఆట చూస్తూ కూడా ఏదో ఒకటి అల్లుతూనే ఉండేదట. ఆయన దాన్ని రెండుసార్లు దులిపి, సీటులో సర్ది, కూర్చోమన్నారు. చనిపోయిన ఇల్లాలి చోట కూర్చుంటున్నానని నాకు ఒళ్ళు ముడుచుకుపోయింది గానీ, ఆయన మాత్రం ఆ సీటు నిండాక కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది.

ఆ చలికాలం మొదలు ప్రతి చలికాలమూ అదే మా పని. నా డ్యూటీ పగలే గనక సాయంత్రాలు కుదిరేవి. జట్టు మాత్రం ఓడిపోయేది. చిత్తుగా ఓడినా బాధుండదు. చివరి నిమిషం దాకా గెలుస్తున్నట్టే ఊరించి, అప్పుడు చేజార్చుకునేది. స్టేడియం సగం కూడా నిండేది కాదు, బంతి నేలకి తగిలిన చప్పుడు పైనున్న మాకు స్పష్టంగా వినపడేది. ఆటగాళ్ళలో గడ్డం కుర్రాడొకడు ఉండేవాడు, అందరికంటే పొట్టి, అందరికంటే ఎక్కువగా నేలమీద పడేవాడు. నర్సుని కాబట్టి నా కళ్ళు బంతిమీద కాక వాడి మోకాలిమీద ఉండేవి. నేను ఇంటిదగ్గర వేయించి డబ్బాలో పోసుకెళ్ళిన జంతికలకి అలవాటుపడి పెద్దాయన పాప్‌కార్న్ కొనడం మానేశారు. మా మధ్య మాటలు తక్కువ. "అయ్యో" అనాల్సిన చోట ఆయన తన భాషలో ఏదో గొణిగేవారు, నేను నా భాషలో "ఛీ, వీళ్ళు బాగుపడరు" అనేదాన్ని, ఇద్దరికీ అర్థమయ్యేది. ఓడిపోయే జట్టుకోసం ఒక మనిషి పక్కన కూర్చుని బాధపడటంలో ఎంత హాయి ఉందో నాకు అక్కడే తెలిసింది. ఆ దేశంలో నాకు 'మనం' అనే మాట పలకడానికి దొరికిన చోటు అదొక్కటే.

ఈ సంగతి మన తెలుగువాళ్ళెవరికీ చెప్పలేదు. ఊళ్ళో ఉన్న కొద్ది తెలుగు క్రైస్తవ కుటుంబాలం శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో ప్రార్థనకి చేరేవాళ్ళం. దాన్ని నడిపే అంకుల్ ఇంజనీరు, గుంటూరువారు. ఆంటీ అంటే ఆ ఊళ్ళో మా అందరికీ పెద్దదిక్కు. ఎవరింట్లో కూర మాడినా ఆవిడకి తెలిసిపోయేది. పెళ్ళికాని నర్సు ముసలాయనతో ఆటలకి తిరుగుతోందని తెలిస్తే ఏమంటారో నాకు తెలుసు, కాబట్టి ఆట ఉన్న శనివారాల్లో ఓవర్‌టైమ్ డ్యూటీ పడిందనేదాన్ని. నా గదిలో ప్రార్థన పెట్టుకునే వంతు వచ్చిన మొదటిసారి, అందరం ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తుంటే, కిందనుంచి పెద్దాయన పరుగున మెట్లెక్కి వచ్చి ఎవరికేం ప్రమాదమని తలుపు తట్టారు. ప్రార్థనే అని తెలిశాక, అంత గట్టిగా అడిగితే దేవుడు విననట్టు నటించడం కష్టమేనని నవ్వుతూ దిగిపోయారు.

ఇక డ్రాఫ్ట్ సంగతి. తెలియనివాళ్ళకి చెబుతాను, కాలేజీల్లో బాగా ఆడిన కుర్రవాళ్ళని పెద్ద జట్లు ఏటా వంతులవారీగా ఎంచుకుంటాయి. ఆ ఏడు బాగా ఓడినవాళ్ళకి ముందు వంతు, గెలిచినవాళ్ళకి చివరి వంతు. వినగానే నాకు నచ్చింది, ఆకలి ఎక్కువున్నవాడికి ముందు వడ్డించడమేగా. అట్టడుగున ఉన్న రెండు జట్ల మధ్య మాత్రం బొమ్మాబొరుసూ వేసేవారు. అయితే ఆ ముందు వంతుకి ఆశపడి కొన్ని జట్లు కావాలనే ఓడిపోతున్నాయని గొడవ లేచింది. సీజన్ చివర్లో మంచి ఆటగాళ్ళని బెంచీ మీద కూర్చోబెడుతున్నారని పెద్దాయన కూడా మండిపడేవారు, ఓడటం వేరు, ఓడిపోవాలని ఆడటం వేరని. చివరికి ఎనభైల నడుమ ఒక చలికాలం, ఆ గొడవ తీర్చడానికి కొత్త పద్ధతి పెట్టారు. వెనకబడిన జట్లన్నిటి గుర్తులూ కవర్లలో పెట్టి, ఒక గుండ్రటి డ్రమ్ములో వేసి తిప్పి, టీవీలో అందరూ చూస్తుండగా ఒక్కొక్కటే తీస్తారట. అట్టడుగున ఉన్నవాడికీ, కొద్దిలో తప్పిపోయినవాడికీ ఒకటే అవకాశం.

ఇది అన్యాయమని పెద్దాయన, ఇదే న్యాయమని నేను, ఒక ఆటంతా వాదించుకున్నాం. చీట్ల మీద నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం. మా తాతగారు పోయాక మా నాన్నా, ఇద్దరు పెదనాన్నలూ పొలం పంచుకున్నప్పుడు, పాస్టరుగారు ప్రార్థన చేసి, మూడు చీట్లు మడిచి పళ్ళెంలో వేసి, ఇంట్లో అందరికంటే చిన్నదాన్నని నాచేత తీయించారు. మొదట తీసింది పెద్ద పెదనాన్నకి, తర్వాతది చిన్న పెదనాన్నకి, మిగిలింది మా నాన్నకి. మిగిలింది సముద్రం వైపున్న చవుడు ముక్క. నాన్న ఆ పూట మామూలుగానే భోంచేశారు. చీటీ పడ్డాక మాట ఉండకూడదనేవారు. అమ్మ మాత్రం చాలాకాలం నా కుడిచేతి వంక అదోలా చూసేది. ఇదంతా పెద్దాయనకి చెప్పి, చూశారా, చీటీలో మనిషి పక్షపాతం ఉండదు అన్నాను. ఆయన జంతిక నములుతూ అంతా విని, ఆ నేలలో మీ నాన్నకి ఎప్పుడైనా పంట పండిందా అని అడిగారు. లేదన్నాను. నేను చెప్పేదీ అదే అన్నారు.

ఆ చలికాలంలోనే జట్టుని అమ్మేస్తున్నారనీ, పడమటి తీరానికి తరలించుకుపోతారనీ పేపర్లో పడటం మొదలైంది. జనం రావడం లేదు, ఎందుకుంచాలి అని యజమాని వాదన. జట్టంటే ఊరిదనుకున్నాను నేను. చుట్టూ ఉన్న మనుషుల్ని వదిలేసి బట్టల దుకాణంలా ఇంకో ఊరికి మార్చుకోవచ్చని అంతవరకూ నాకు తెలియదు. పెద్దాయన ఆశంతా ఆ డ్రమ్ము మీద పెట్టుకున్నారు. ఆ ఏడు కాలేజీలనుంచి వస్తున్నవాళ్ళలో ఒక ఆజానుబాహువు ఉన్నాడు, అలాంటివాడు ఏ తరానికో ఒకడు పుడతాడట. మొదటి కవరు మాకు పడితే వాడొస్తాడు, వాడొస్తే జనమొస్తారు, జనమొస్తే జట్టు ఉంటుంది. వేళ్ళు మడుస్తూ ఇలా చెప్పి, "ఇది పోతే చలికాలాలు ఏం చేసుకోవాలో నాకు తెలీదు, కిడ్డో," అన్నారు. నాకూ తెలీదని నేను అనలేదు. తర్వాత కాస్త మొహమాటపడుతూ, మీవాళ్ళు గట్టిగా ప్రార్థిస్తారు కదా, ఒక మాట చెప్పి చూడరాదా అన్నారు.

లాటరీ ఆదివారం. ముందురోజు శనివారం ప్రార్థన ఆంటీవాళ్ళింట్లో. మన కూడికల్లో చివర ఎవరి మనవులు వాళ్ళు చెప్పుకుంటారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. ఆ రోజు ఒకాయన గ్రీన్‌కార్డ్ గురించి చెప్పుకున్నాడు, ఒకావిడ బందరులో అత్తగారి మోకాళ్ళ గురించి, ఇంకొకావిడ డ్రైవింగ్ టెస్ట్ గురించి. నా వంతు వచ్చింది. బాస్కెట్‌బాల్ జట్టుకోసం ప్రార్థించండని ఆ మోకాళ్ళ పక్కన, ఆ గ్రీన్‌కార్డ్ పక్కన ఎలా పెట్టను? జట్టు పేరెత్తితే పెద్దాయన పేరెత్తాలి, ఓవర్‌టైమ్ సంగతి బయటపడాలి. ఇలాంటప్పటికి మనలో ఒక పద్ధతి ఉంది, మీకు తెలిసే ఉంటుంది. "నా మనసులో ఒక మనవి ఉందండి, ప్రార్థించండి," అన్నాను. అలా అంటే ఎవరూ ఏమిటని అడగరు. ఆంటీ తల పంకించారు. అంకుల్ కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఈ బిడ్డ ఒంటరితనం నీకు తెలుసు, ఆమె కోరుకున్నది ఆమెకి దయచేయి," అని మొదలుపెట్టేసరికి, అడగకుండానే ఈయనకి ఇంత బాగా ఎలా తెలిసిందా అని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం చర్చినుంచి తిన్నగా కింది అంతస్తుకి వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాను. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. సూటు వేసుకున్న మనుషులు, పారదర్శకమైన డ్రమ్ము, లోపల కవర్లు. ముందు అన్నీ తీసి వరసగా పెట్టి, ఆఖరి వంతు కవరునుంచి మొదటిదాకా వెనక్కి విప్పుకుంటూ వచ్చారు. అంటే మన గుర్తు ఎంతసేపు కనపడకపోతే అంత మంచిది. ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకుని ముందుకి వంగారు, నేను లోపల ప్రార్థన అందుకున్నాను. మొదట విప్పిన కవరులోనే మా జట్టు గుర్తుంది. అందరికంటే ఎక్కువ ఓడిన మాకు, ఓడినవాళ్ళందరిలోనూ చిట్టచివరి వంతు. ఆ తర్వాత ఎవరెవరివి విప్పారో మేం సరిగా చూడలేదు. మొదటి కవరు ఒక మహానగరానికి పడిందనీ, అక్కడివాళ్ళు ఎగిరి గంతులేశారనీ గుర్తు. ఆ కవరు ముందే గుర్తుపట్టేలా మూల మడిచారనీ, ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచారనీ తర్వాత ఏళ్ళ తరబడి జనం చెప్పుకున్నారు. నిజమో అబద్ధమో నాకు తెలీదు. పెద్దాయన మాత్రం ఆ మాటలు ఎన్నడూ నమ్మలేదు. లేచి టీవీ ఆపేసి, "వెల్, కిడ్డో, దట్స్ దట్," అన్నారు. అయిపోయిందని. కిటికీ దగ్గరికెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డారు. చీటీ న్యాయమైనదని ఒక ఆటంతా వాదించిన నేను, చప్పుడు కాకుండా మెట్లెక్కి నా గదికి వచ్చేశాను.

అప్పటికీ ఊరి పెద్దలు యజమానిని బతిమాలుతున్నారనీ, అమ్మకం ఆగవచ్చనీ ఒక మాట నడుస్తుండేది. ఆ వారంలోనే ఆంటీ ఫోన్. "వందనాలమ్మా! మన ప్రార్థనకి జవాబొచ్చింది!" నేను రిసీవర్ చెవికి అదుముకున్నాను. "నిజంగానాండీ? ఉంటున్నారా?" "ఉండటమేంటమ్మా, వచ్చే వారమే చూడ్డానికి వస్తానంటున్నాడు! పడమటి తీరంలో, సన్నీవేల్‌లో ఇంజనీరు, బందరువాళ్ళు, మా అక్క తోడికోడలి తమ్ముడు. కాస్త వయసు మళ్ళింది గానీ బంగారంలాంటి అబ్బాయి. నువ్వు నోరు తెరిచి అడగలేకపోయావు గానీ నాకు తెలీదా, అంత ఏడుస్తూ ఆమెన్ అంటే?"

పెళ్ళికాని ఆడపిల్ల చెప్పుకోలేని మనవి అంటే మనవాళ్ళ దృష్టిలో ఒకటే. గదిలో ఉన్నవాళ్ళందరూ అదే అనుకుని, అదే ప్రార్థించి, ప్రార్థనతో ఊరుకోకుండా ఎవరికి తోచిన నంబర్లకి వాళ్ళు ఫోన్లు చేశారు. నేను వేసిన చీటీ ఒకటి, తీసిన చీటీ ఇంకొకటి. కాదండీ, నేనడిగింది బాస్కెట్‌బాల్ జట్టుని అని ఆంటీకి చెప్పడానికి నోరు తెరిచాను, మూసుకున్నాను. మరుసటి వారం చూడ్డానికి వచ్చినాయన నన్ను వంట వచ్చా అని అడగలేదు, జీతమెంతనీ అడగలేదు. సాయంత్రాలు ఏం చేస్తుంటారు అని అడిగాడు. ఆ ప్రశ్న వేసిన మనిషికి కూడా సాయంత్రాలు గడవడం లేదని నాకు అర్థమైంది. రాబోయే చలికాలం తలుచుకున్నాను. సరేనన్నాను.

పెద్దాయనకి చెప్పడానికే ధైర్యం చాలలేదు. అమ్మకం ఖాయమైంది. జూన్‌లో ఒక రోజు ఇద్దరం స్టేడియం వెనక వీధిలో నిలబడి, ఆట నేలని విప్పి లారీల్లోకి ఎక్కించడం చూశాం. అదంతా ఒకే నేల అనుకున్నాను నేను. చెక్క పలకలట, వెనకవైపు నంబర్లు వేసి ఉన్నాయి, కొత్త ఊళ్ళో మళ్ళీ అదే వరసలో పరుచుకోవడానికి. మొదటి లారీ కదలగానే, శవాన్ని తీసుకెళ్తుంటే తీసినట్టు, ఆయన టోపీ తీశారు. మనుషుల్ని తప్ప అన్నీ తీసుకెళ్తున్నారు అన్నారు. అప్పుడు చెప్పాను, నేనూ వెళ్తున్నాను, అటువైపే, పెళ్ళి కుదిరింది అని. ఎలా కుదిరిందో కూడా చెప్పాను, ప్రార్థన, ఆమెన్, ఆంటీ, అంతా. ఆయన పడీపడీ నవ్వారు, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత నా చెయ్యి తట్టి, ఆ డ్రమ్ములో మనిద్దరి కవర్లూ కూడా ఉన్నట్టున్నాయి, నీది ముందొచ్చింది, అంతే అన్నారు. నేను ఏడుస్తుంటే, "చీటీ పడ్డాక మాట ఉండకూడదని మీ నాన్న చెప్పలేదూ?" అన్నారు. సముద్రం వైపు చవుడు ముక్క ఈసారి ఎవరికి మిగిలిందో ఇద్దరికీ తెలుసు.

ఆ ఊళ్ళోనే జరిగిన పెళ్ళిలో మొదటి వరుసలో, అంతదూరం రాలేని మా అమ్మానాన్నలు కూర్చోవాల్సిన చోట, ఆయన కూర్చున్నారు. ఈ తెల్లాయన నీకేమవుతాడమ్మా ఇక్కడ కూర్చోడానికి అని ఆంటీ నా చెవిలో అడిగితే, మా ఇంటి ఓనరండీ అన్నాను. అంతకంటే సరైన మాట నాకు ఏ భాషలోనూ దొరకలేదు. బయల్దేరే రోజున నీలం కుషన్ నా సూట్‌కేస్ మీద పెట్టి, అక్కడ సీట్లు గట్టిగా ఉంటాయేమో అన్నారు.

సన్నీవేల్‌నుంచి జట్టు చేరిన ఊరికి కారులో కొద్ది గంటల దారే. ఆదివారం ఆదివారం నేను ఫోన్ చేస్తే, మన కుర్రాళ్ళని చూసొచ్చావా అని పెద్దాయన అడిగేవారు. కొత్త ఆసుపత్రి, షిఫ్టులు, తర్వాత కడుపుతో ఉండటం, తర్వాత చంటిపిల్ల. నిజం చెప్పాలంటే వెళ్ళడానికి మనసొప్పలేదు. చివరికి పాపని పక్కింటావిడ దగ్గర ఉంచి, ఒక శనివారం మావారు నన్ను తీసుకెళ్ళారు. దారిలోనే ఆయనకి మొత్తం కథ చెప్పాను. కారు ఆపినంత పనిచేసి, "అయితే నువ్వడిగింది టీమ్‌ని, దేవుడు పంపింది నన్నా! అన్యాయం జరిగిందే నీకు," అని ఊరంతా వినపడేలా నవ్వారు.

స్టేడియం కిటకిటలాడుతోంది. కొత్త జనం, కొత్త కేకలు. గడ్డం కుర్రాడు ఇంకా ఆడుతూనే ఉన్నాడు. వాడు పడినప్పుడల్లా నా ప్రాణం మోకాలిమీదికి పోయేది, చుట్టూ ఉన్నవాళ్ళకి మాత్రం ఆ మోకాలి చరిత్ర తెలీదు. మా జట్టు గెలిచింది. జనం లేచి గంతులేస్తుంటే నేను కుషన్ మీద కూర్చునే ఉన్నాను, నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ గెలుపు చూడవలసిన మనిషి ఎక్కడో నది ఒడ్డున పాత ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాను. స్కోరు అడుగుతారని, గడ్డం కుర్రాడి గురించి అడుగుతారని అన్నీ గుర్తుపెట్టుకున్నాను. అవేవీ అడగలేదు. నీ పక్కన ఎవరు కూర్చున్నారు అని అడిగారు. మావారు అన్నాను. "దట్స్ గుడ్, కిడ్డో," అన్నారు. మీ పక్కన ఎవరున్నారు అని నేను తిరిగి అడగలేదు, ఆ జవాబు వినలేక. పై అంతస్తు ఆయన మళ్ళీ ఎవరికీ అద్దెకివ్వలేదని నాతో పనిచేసిన నర్సు ఒకావిడ చెప్పింది. ఆ మరుసటి చలికాలం ఆయన పోయిన కబురు చెప్పిందీ ఆవిడే.

మావారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి కూడా కొన్నేళ్ళయింది. నీలం కుషన్ వెలిసిపోయి బూడిదరంగుకి వచ్చింది, ఇప్పుడు దానిమీద కూర్చునే ఇది రాస్తున్నాను. కవర్లు పోయి బంతులొచ్చాయి. ఎక్కువ ఓడినవాడికి ఎక్కువ అవకాశం ఇస్తున్నారట, పెద్దాయన కోరింది అదే. అయినా ఏటా ఎవరో ఒకరు అన్యాయమంటూనే ఉన్నారు, ఏటా లెక్కలు సవరిస్తూనే ఉన్నారు. జట్టు ఏ ఊరికి తరలిపోయినా ఇప్పుడు ఎవరూ టోపీ తీయనక్కర్లేదు, ఫోన్‌లో మన వెంటే వస్తుంది. చలిలో కోటు వేసుకుని ఎవరితోనూ బయల్దేరనక్కర్లేదు. ఎవరి గదిలో వాళ్ళం చూసుకుంటాం, ఎవరి ఓటమి వాళ్ళం పడతాం. మా రోజుల్లో ఒంటరితనం ఉండేది గానీ దాన్ని పట్టుకెళ్ళి కూర్చోబెట్టడానికి ఒక సీటు కూడా ఉండేది.

మొన్న మా మనవరాలు ఫోన్ పెట్టేసే ముందు, లాటరీ చూసేటప్పుడు నీ పక్కన ఎవరున్నారే అని అడిగాను.

"నో వన్, అమ్మమ్మా. నా రూమ్‌లో చూసింది. వై?"

ఏం లేదు తల్లీ, ఊరికే అడిగాను అన్నాను.